అమ్మ మడమ మీద నల్ల మచ్చ: కేంద్రంలో సరిగా చూడడం లేదా, నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

వర్తూరు_వాసి
అమ్మకు 78 ఏళ్ళు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి వైపు పట్టు తప్పింది. ఈ ఏడాది మతిమరుపు కూడా ముదిరింది. మేమిద్దరమూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళమే. ఇంట్లో పెట్టుకున్న ఆయమ్మలు ఏడాదిలో నలుగురు మారారు. చివరికి అయిదు నెలల కిందట బెంగళూరులోనే ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేర్చాము. పేరు చెప్పను. నెలకు 42,000, డైపర్లూ మందులూ వేరు.

ప్రతి ఆదివారం పదకొండు గంటలకు వెళ్తాను. గది శుభ్రంగా ఉంటుంది. అమ్మ మొహానికి పౌడరు, నుదుట బొట్టు, కాళ్ళకు మేజోళ్ళు. మొన్న కుడి కాలి మేజోడు బిగుతుగా అనిపించి విప్పాను. మడమ మీద రూపాయి బిళ్ళంత మచ్చ. ఎరుపు కాదు, నేరేడుపండు రంగు. వేలితో తాకితే ముగ్గిన సపోటాలా మెత్తగా ఉంది. అమ్మ కాలు లాక్కోబోయింది, రాలేదు.

సిస్టర్‌ను పిలిచి చూపిస్తే "షుగర్ పేషెంటు కదా సార్, మామూలే" అన్నది.

అమ్మకు షుగర్ లేదు. ఎప్పుడూ లేదు.

ఇంటికి వచ్చాక ఇంకొకటి గుర్తొచ్చింది. అమ్మ పెట్టుకున్న కళ్ళద్దాలు అమ్మవి కావు. మా ఆవిడ "ఒక్క మచ్చకు ఇంత రాద్ధాంతమా" అంటోంది. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇది నిర్లక్ష్యమేనా? ఇంకా ఏమేమి చూసుకోవాలి?

రాత్రి_డ్యూటీ
పదకొండేళ్ళుగా నర్సును. అందులో నాలుగేళ్ళు ఇలాంటి కేంద్రాల్లోనే.

ముందు మచ్చ సంగతి. నేరేడు రంగు, మెత్తదనం, నొప్పి అంటున్నారు. అది ఒత్తిడి పుండు కావడానికే ఎక్కువ అవకాశం. పైన చర్మం చిట్లకపోయినా లోపల కండ దెబ్బతిని ఉంటుంది, నాలుగు రోజుల్లో అది తెరుచుకోవచ్చు. వచ్చే ఆదివారం దాకా ఆగకండి. రేపే డాక్టరుకు చూపించి, పాదంలో నాడి అందుతోందో లేదో కూడా చూడమనండి. పక్షవాతం వచ్చిన కాలు కాబట్టి తనంతట తాను కదిలించుకోలేదు. మడమ ఎక్కడ పెడితే అక్కడే గంటల కొద్దీ నలుగుతుంది.

అక్కడ మర్దనా చేయకండి, పొక్కు వస్తే చిదమకండి. పిక్క కింద నిలువునా మెత్తటి దిండు పెట్టి మడమను గాలిలో తేలేలా ఉంచాలి. గ్లౌజులో నీళ్ళు నింపి మడమ కింద పెడతారు చూశారూ, మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో ఇప్పటికీ చేస్తారు, అది పనికిరాదు. నడుమ కన్నం ఉన్న రింగు దిండూ అంతే.

పుస్తకాల్లో ఒత్తిడి పుండు మొదటి దశ అంటే "ఎర్రబడుతుంది, నొక్కితే తెల్లబడదు" అని రాస్తారు. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనిపించదు. రెండు మడమలనూ చేతి వెనక భాగంతో తాకి పోల్చండి. ఒకటి వేడిగానో, గట్టిగానో, మెత్తగానో తేడాగా ఉంటే అనుమానించాలి. వీపు కింద త్రికం (నడుము దిగువ ఎముక) దగ్గర, తుంటి పక్కలు, మోచేతులు, తల వెనక, చెవుల అంచులు కూడా చూడండి. కొడుకు కదా అని మొహమాటపడితే కుదరదు. మీ ఆవిడనైనా చూడమనండి.

కోరమంగల_కాకరకాయ
మా అమ్మ నరసరావుపేట నుంచి ఫోను చేసి "ఫలానా పెద్దాయనను నర్సింగ్ హోమ్‌లో పెట్టారట, ఈ వయసులో పురుడేమిటి" అని అడిగింది. మనకు నర్సింగ్ హోమ్ అంటే పురుళ్ళ ఆసుపత్రే. ఈ కేంద్రాలకు ఇంకా సరైన పేరు కూడా కుదరలేదు.

సరే, విషయానికి వస్తాను. షుగర్ లేని మనిషిని షుగర్ పేషెంటు అన్నదంటే, మచ్చ కన్నా నాకు అదే భయం వేసింది. మందులు కూడా అలాగే ఇస్తున్నారేమో చూసుకోండి.

పాతకాలం_మనిషి
కన్నతల్లిని డబ్బు పడేసి ఎవరికో అప్పగించి, ఇప్పుడు మడమ మీద మచ్చ అని బాధపడితే ఏమి లాభం? మా రోజుల్లో మంచాన పడ్డవాళ్ళను ఇంట్లోనే చూసుకున్నాము.

సీమ_చిన్నది
పాతకాలం గారూ, "చూసుకున్నాము" అన్నారు. మీరు చూసుకున్నారా, మీ ఇంటి కోడలు చూసుకున్నదా?

తాంబూలం_74
వీళ్ళ తగవు అలా ఉండనివ్వండి. నేను ఇలాంటి కేంద్రంలోనే ఉంటున్నాను, నా ఇష్టంతోనే చేరాను కాబట్టి ఎవరూ జాలి పడనక్కరలేదు. కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి, నా తమలపాకులు నేనే తెప్పించుకుంటాను.

వర్తూరు బాబూ, ఆదివారం పదకొండు గంటలంటే మాకిక్కడ పెళ్ళిచూపుల వేళ. పొద్దున్నే అందరికీ స్నానాలు, పౌడర్లు, ఉతికిన దుప్పట్లు. మధ్యాహ్నం మీ కార్లన్నీ వెళ్ళిపోయాక ఆ దుప్పట్లు మడతపెట్టి మళ్ళీ బీరువాలో పెట్టేవాళ్ళను కూడా చూశాను నేను, ఇప్పుడున్న చోట కాదు, ఇంతకు ముందు ఉన్నచోట.

సాయంత్రం ఆరున్నరకు, అన్నాల వేళ, చెప్పకుండా వెళ్ళు. లేదా పొద్దున్న ఏడుకు. మంచం పక్కన గ్లాసు చూడు. నిండుగా ఉందని సంతోషించకు. ఎడమ చేతికి అందే వైపు ఉందా, పట్టు లేని కుడి వైపు ఉందా చూడు. నా పక్క గది ఆవిడకు రెండు నెలలు గ్లాసు నిండుగానే ఉండేది, అందేది మాత్రం కాదు. పిలుపు గంట తీగ మంచం వెనక్కు పడేసి ఉందేమో కూడా చూడు. ఇంకొక సంగతి. సాయంత్రం నాలుగు తర్వాత నీళ్ళు ఇవ్వరు కొందరు. తాగితే రాత్రి డైపరు మార్చాలిగా.

రాత్రి_డ్యూటీ
తాంబూలం అమ్మగారు చెప్పిన చివరి మాట నిజమే, నేనూ చూశాను. నీళ్ళు తగ్గితే నాలుక ఎండి పీచులా ఉంటుంది, మూత్రం ముదురు రంగులో ఘాటు వాసన వేస్తుంది. చేతి మీద చర్మం గిల్లి చూడడం పెద్దవాళ్ళలో నమ్మదగ్గ పరీక్ష కాదు, వయసుకు అది ఎలాగూ సాగుతుంది. నిన్నటి దాకా బాగానే ఉన్న మనిషి ఒక్కసారిగా అయోమయంగా మాట్లాడితే "మతిమరుపు ముదిరింది" అని వదిలేయకండి. నీళ్ళ కొరతో, మూత్రంలో ఇన్ఫెక్షనో అయి ఉండవచ్చు.

నోరు కూడా తెరిపించి చూడండి. కట్టుడు పళ్ళు రోజుల తరబడి తీయకుండా ఉంచితే చిగుళ్ళు పుండ్లు పడతాయి, నాలుక మీద తెల్లటి పూత వస్తుంది.

సీమ_చిన్నది
బరువు చూశారా? మా పెదనాన్న విషయంలో ముందు పట్టించింది అదే. చేర్చినప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత?

హోసూరు_రోడ్డు_బాధితుడు
మా నాన్నగారి సంగతి చెబుతాను. చేర్చిన నెలకు "ఇప్పుడు చాలా ప్రశాంతంగా ఉంటున్నారు సార్" అన్నారు. మేమూ సంతోషించాము. ఆయన జన్మలో ప్రశాంతంగా ఉన్న మనిషి కాదు. పేపరు చదువుతూ ప్రభుత్వాలను తిట్టకపోతే ఆయనకు కాఫీ దిగేది కాదు. అలాంటి మనిషి గడ్డం ఛాతీకి ఆనించి, చొంగ కారుతూ కూర్చుని ఉండేవారు.

ఒకరోజు మందుల డబ్బా అడిగి, డాక్టరు చీటీతో ఒక్కొక్కటీ పోల్చాను. చీటీలో లేని క్వెటియాపిన్ (మానసిక జబ్బులకు ఇచ్చే మందు, మత్తుగా ఉంచుతుంది) అట్ట ఒకటి దొరికింది. "రాత్రిళ్ళు అరుస్తున్నారని ఇస్తున్నాము" అన్నారు. ఎవరు రాశారంటే సమాధానం లేదు. నిమ్హాన్స్‌లో వృద్ధుల విభాగానికి తీసుకువెళ్ళి చూపిస్తే నెమ్మదిగా తగ్గిస్తూ మానిపించారు. మూడు వారాలకు మళ్ళీ ప్రభుత్వాన్ని తిట్టారు. మా అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది.

రాత్రి_డ్యూటీ
ఆ మందు వాడకూడదని కాదు, కొందరికి డాక్టరు చూసి రాయవలసే వస్తుంది. కానీ మతిమరుపు ఉన్న వృద్ధులలో ఈ కోవ మందులు ప్రాణాపాయాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక పెట్టించింది. సిబ్బంది నిద్ర కోసం ఇచ్చేవి కావు అవి. వర్తూరు గారూ, మీరూ అట్టలు పోల్చండి.

జయనగర్_నాలుగో_బ్లాకు
ఇక్కడ ఎవరూ అనలేదు కాబట్టి నేనంటాను. సగం నిర్లక్ష్యం భాష తెలియకపోవడం వల్లే.

మా అత్తగారు నలభై ఏళ్ళు బెంగళూరులో కన్నడం మాట్లాడారు, కూరగాయల బేరమంతా కన్నడంలోనే. మతిమరుపు వచ్చాక ముందు హిందీ పోయింది, తర్వాత కన్నడం పోయింది, తెలుగు మిగిలింది. ఆమెను చూసే అమ్మాయి జార్ఖండ్ నుంచి వచ్చింది. ఈవిడ "దాహం, దాహం" అంటుంటే ఆ పిల్ల టీవీ శబ్దం పెంచేదట, పాట అడుగుతోందనుకుని! ఆ పిల్ల చెడ్డది కాదు.

పెద్ద అట్ట మీద పదహారు మాటలు హిందీ లిపిలో రాసి మంచం పైన అంటించాను. దాహం, నొప్పి, చలి, పక్కకు తిప్పు, ఒంటికి, రెంటికి... పక్కన హిందీ అర్థం. నెలలో ఆ పిల్ల "అమ్మా, బువ్వ తిను" అనడం నేర్చింది. ఇప్పుడు ఆ అంతస్తులో ఉన్న కన్నడిగులకూ తమిళులకూ కూడా బువ్వే పెడుతోంది.

కోరమంగల_కాకరకాయ
ప్రాచీన భాష హోదా కన్నా ఇదే పెద్ద విజయం.

పాతకాలం_మనిషి
మడమకు పసుపు, కొబ్బరినూనె కలిపి వేడి చేసి గట్టిగా రుద్దితే తగ్గుతుంది. మా పెద్దవాళ్ళు చేసేవారు.

రాత్రి_డ్యూటీ
దయచేసి వద్దు. లోపల కండ అప్పటికే దెబ్బతిని ఉన్నచోట రుద్దితే పుండు ఇంకా పెద్దదవుతుంది.

వర్తూరు_వాసి
అందరి మాటలూ చదివాను. సోమవారం డాక్టరును తీసుకువెళ్ళాను. ఒత్తిడి పుండే అన్నారు, రక్తప్రసరణ బాగానే ఉందట. బరువు కూడా చూపించాము. నిలబడలేదు కాబట్టి చక్రాల కుర్చీతో సహా తూచి, కుర్చీ బరువు తీసేశారు. చేర్చినప్పుడు 51 కిలోలు. ఇప్పుడు 45.

అప్పుడు చేతులు చూశాను. అమ్మ గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఉగాదికి నేనే వేయించాను ఆ గాజులు, సబ్బు రాసి తోస్తే గాని ఎక్కలేదు. ఇన్ని ఆదివారాలు ఆ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.

రాత్రి_డ్యూటీ
నెలలో అయిదు శాతం, ఆరు నెలల్లో పది శాతం తగ్గితే కారణం వెతకాలి అంటారు. మీ అమ్మగారిది అయిదు నెలల్లోనే దాదాపు పన్నెండు శాతం. ఇందులో వాళ్ళ తప్పెంత, జబ్బుదెంత అన్నది వేరే మాట. పక్షవాతం తర్వాత మింగడం కష్టమవుతుంది, మతిమరుపు ముదిరితే మంచి సంరక్షణలో కూడా బరువు తగ్గుతుంది. అయితే నెలనెలా తూచి మీకు చెప్పి ఉండాలి. చెప్పలేదంటే తూచనే లేదన్నమాట.

సీమ_చిన్నది
చేతుల మీద కమిలిన మచ్చలు ఏమైనా ఉన్నాయా?

వర్తూరు_వాసి
ముంజేతి మీద రెండు మూడు ఉన్నాయి. కొట్టారేమో అని నిన్నంతా నిద్ర లేదు.

రాత్రి_డ్యూటీ
తొందరపడి ఎవరినీ అనకండి. పక్షవాతం తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరినో, క్లోపిడోగ్రెలో వాడుతూ ఉంటారు. వాటికి తోడు వయసుతో చర్మం కాగితంలా పలచబడుతుంది. మంచం అంచు తగిలినా ముంజేయి కమిలిపోతుంది. నేను భయపడే చోట్లు వేరు. జబ్బల లోపలి వైపు వేళ్ళ ముద్రల్లాంటివి, రెండు మణికట్లకూ గాజులా చుట్టూ తిరిగిన గీత (కట్టేశారని అర్థం), తొడల లోపలి వైపు. ఎవరైనా దగ్గరకు వస్తే ఆవిడ బిగుసుకుపోతోందా అన్నదీ చూడండి.

హోసూరు_రోడ్డు_బాధితుడు
గదిలో చిన్న కెమెరా దాచి పెట్టండి. రెండు రోజుల్లో అంతా బయటపడుతుంది.

తాంబూలం_74
ఎవరి గదిలో? అక్కడే బట్టలు మారుస్తారు, అక్కడే ఒళ్ళు తుడుస్తారు. పక్క మంచంలో ఇంకొక ఆవిడ ఉంటే ఆవిడనూ నీ ఫోనులో చూస్తావా? నన్ను అడగకుండా నా కొడుకు అలా పెడితే వాడి చెవి మెలిపెడతాను, వాడికి యాభై రెండేళ్ళు.

ఫైలు_నంబరు
అమ్మగారి మాటే సరి. ఎదురుగా, రాతపూర్వకంగా అడగండి. ఫొటోలు తేదీతో తీయండి, పుండు పక్కన స్కేలో, రూపాయి బిళ్ళో పెట్టి తీస్తే పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. ఫిర్యాదు రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. చేర్చినప్పుడు రాసుకున్న ఒప్పందం బయటకు తీసి చదవండి. ఎంతమందికి ఒక ఆయా, డాక్టరు వారానికి ఎన్నిసార్లు, ఇవి అందులో ఉంటాయి.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007 పేరు చాలామంది చెబుతారు. దాని కింద ట్రిబ్యునల్ ముఖ్యంగా పిల్లల నుంచి పోషణ ఇప్పించడానికి. నెలకు 10,000 మించకుండా ఇప్పించవచ్చు. సెక్షన్ 24 పెద్దవాళ్ళను పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడో విడిచిపెట్టినవాళ్ళకు: మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. మీరు డబ్బు కట్టి సేవ తీసుకుంటున్నారు కాబట్టి సేవాలోపం కింద 2019 వినియోగదారుల చట్టం దగ్గరి దారి. జిల్లా కమిషన్‌కు రెండేళ్ళ లోపు వెళ్ళాలి.

అంతకు ముందు సలహా కావాలంటే 14567, వృద్ధుల జాతీయ సహాయ నంబరు, పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు. బెంగళూరులో 1090 కూడా ఉంది. కొట్టినట్టు గట్టి ఆధారం దొరికితే ఆలోచించకుండా 112.

వర్తూరు_వాసి
బుధవారం సాయంత్రం 6:40కి చెప్పకుండా వెళ్ళాను.

హాల్లో తొమ్మిది మంది. టీవీలో కన్నడ సీరియల్. అందరికీ కలిపి ఒక్క అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో. అమ్మ ముందు సాంబారు అన్నం పెట్టి వెళ్ళింది. అమ్మ ఎడమ చేత్తో రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని దవడలో అలాగే ఉంచుకుంది, మింగడం లేదు. పది నిమిషాలకు ఆ అమ్మాయి వచ్చి కంచం తీసేసింది. "తినేశారా?" అంటే "తిన్నారు సార్". పళ్ళ సెట్టు అమ్మ నోట్లో లేదు. వెతికితే పక్క మంచం సొరుగులో, వేరే పేరు రాసిన డబ్బాలో ఉంది.

గది గోడకు ఒక కాగితం వేలాడుతోంది, రెండు గంటలకోసారి పక్కకు తిప్పినట్టు టిక్కులు పెట్టేది. 6 గంటలకు టిక్కు ఉంది. 8కి ఉంది. 10కి కూడా ఉంది.

అప్పటికి టైము ఏడు కాలేదు.

కోరమంగల_కాకరకాయ
జోకు వేద్దామనుకున్నాను. వద్దులెండి.

ఫైలు_నంబరు
ఆ కాగితం ఫొటో తీశారా? గోడ గడియారం కూడా పడేలా?

వర్తూరు_వాసి
తీశాను. గడియారం లేదు, ఫోనులో సమయం నమోదవుతుంది కదా.

రాత్రి_డ్యూటీ
ఒక మాట చెప్పాలి. నేనూ ఒకసారి అలా టిక్కులు పెట్టాను. మూడేళ్ళ కిందట, వేరే చోట. పద్దెనిమిది మంది, రాత్రికి ఇద్దరం, రెండో అమ్మాయికి జ్వరం. ఒక్కదాన్నే ఎనభై కిలోల మనిషిని రెండు గంటలకోసారి తిప్పలేను. పొద్దున్న సూపర్‌వైజరు కాగితమే చూస్తుంది గాని వీపు చూడదు. అందుకే కాగితం నింపాను. ఆ పెద్దాయనకు త్రికం దగ్గర పుండు పడింది. సమర్థించుకోవడానికి చెప్పడం లేదు. మీరు ఆ ఇరవై ఏళ్ళ పిల్ల మీద అరిచి వస్తే వాళ్ళు ఆ పిల్లను తీసేసి ఇంకొక పిల్లను పెడతారు. రాత్రికి ఎంతమందిని పెడుతున్నారని యజమానిని అడగండి.

సీమ_చిన్నది
అడగడం దేనికి, వెంటనే మార్చేయండి! ఇంకా ఆ చోట ఎలా ఉంచుతారు?

జయనగర్_నాలుగో_బ్లాకు
మతిమరుపు ఉన్నవాళ్ళను హడావుడిగా చోటు మారిస్తే మా అత్తగారు పది రోజులు అన్నమే ముట్టలేదు. మార్చవద్దని కాదు. చూసి, మాట్లాడి, రాత్రి పూట కూడా ఒకసారి వెళ్ళి వచ్చి మార్చండి.

సీమ_చిన్నది
పది రోజులు అన్నం మానడం, ఆరు కిలోలు తగ్గడం... ఏది నయమో నాకైతే తెలియదు. మా పెదనాన్నను ఆలోచిస్తూ ఆలస్యం చేశాము.

వర్తూరు_వాసి
యజమానితో మాట్లాడాను. కొత్త విషయం ఏదీ చెప్పలేదు, "మనుషులు దొరకడం లేదు" అన్నారు. రాత్రికి పదహారు మందికి ఒకరు. ఒప్పందంలో ఆరుగురికి ఒకరని ఉంది. ఫిర్యాదు ఇచ్చి సంతకం తీసుకున్నాను.

పుండు కట్టు మార్చడానికి, అన్నం తినిపించడానికి సౌకర్యంగా ఉంటుందని కనీసం నెల రోజులు ఇంటికి తెచ్చుకుంటున్నాము. నేను సెలవు పెట్టాను, తర్వాత మా ఆవిడ. ఆ లోపు రెండు చోట్లు చూస్తాము, ఆదివారాలు తప్ప. మందుల అట్టలు పోల్చాను, సరిగానే ఉన్నాయి. కళ్ళద్దాలు దొరికాయి, ఇంకొక పెద్దావిడ మూడు నెలలుగా పెట్టుకుంటోంది. ఇమ్మంటే ఇవ్వనన్నది. బాగా కనిపిస్తోందట.

తాంబూలం_74
ఆవిడకే వదిలెయ్యి, అమ్మకు కొత్తవి చేయించు.

పాతకాలం_మనిషి
వర్తూరు గారూ, ఇంటికి తెస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. మా ఇంట్లో గాలి పరుపు ఉంది, మోటారుతో నడిచేది. మా అమ్మది. అటక మీద పడి ఉంది. మడివాళలో ఉంటాను, వచ్చి తీసుకువెళ్ళండి. డబ్బు వద్దు.

రాత్రి_డ్యూటీ
మంచి మాట. గాలి మరీ ఎక్కువ పట్టిస్తే రాయిలా అవుతుంది. మీటను ఆవిడ బరువుకు, అంటే 45కు సరిపడా తిప్పండి. పరుపు ఉంది కదా అని తిప్పడం మానకండి, మడమ కింద దిండు మానకండి.

వర్తూరు_వాసి
పాతకాలం గారూ, శనివారం సాయంత్రం వస్తాను. కారులో పడుతుందా?

పాతకాలం_మనిషి
గాలి తీసి చుడితే స్కూటరు మీద కూడా పడుతుంది. మోటారు విడిగా కవరులో పెట్టి ఉంచుతాను. ఆరు దాటాక రండి, మా ఆవిడ నిద్ర లేస్తుంది.